ఎడిటింగ్ అయిపోయింది.. డబ్బులేవి? ఫ్రీలాన్స్ ఫొటో రీటచర్లు బకాయిలు రాబట్టుకునే దారులివే..

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే స్టూడియోలకే కాదు, తెర వెనక కూర్చుని ఫొటోలు దిద్దే రీటచర్లకూ నిద్ర ఉండదు. తెల్లవారుజామున ముహూర్తం అయితే మధ్యాహ్నానికల్లా హార్డ్‌డిస్క్ వచ్చేస్తుంది. పెళ్లికూతురి మొహం మీద ఫ్లాష్ మెరుపు తగ్గించాలి. మండపం వెనక కనిపిస్తున్న వాటర్ క్యాన్ తీసేయాలి. గ్రూప్ ఫొటోలో కళ్లు మూసుకున్న తాతయ్యకు ఇంకో ఫొటోలోని కళ్లు తెచ్చి అతికించాలి. పని రాత్రికి రాత్రి అయిపోతుంది. డబ్బులు మాత్రం నెలలు గడిచినా రావు.

అడిగితే వచ్చే సమాధానం ఒక్కటే. "పార్టీ ఇంకా ఇవ్వలేదు తమ్ముడూ, రాగానే వేసేస్తా."

ఈ మాట ప్రతిసారీ అబద్ధమేం కాదు. పెళ్లివారు అడ్వాన్స్ ఇస్తారు, పెళ్లిరోజు కొంత ఇస్తారు, మిగతాది ఆల్బమ్ చేతికొచ్చాక ఇస్తామంటారు. ఆల్బమ్ ఎప్పుడొస్తుంది? పెళ్లివారు ఫొటోలు సెలెక్ట్ చేశాక. ఆ సెలెక్షన్‌కే కొందరు ఆరు నెలలు తీసుకుంటారు. అబ్బాయి అమెరికా వెళ్లిపోయాడు, అమ్మాయికి వీసా పని ఉంది, అత్తగారింట్లో ఎవరికీ ఫొటోలు నచ్చలేదు.. ఇలా సాగుతూనే ఉంటుంది. ఈలోగా స్టూడియో ఓనర్ కెమెరా ఈఎంఐ కట్టుకుంటాడు, డ్రోన్ అద్దె ఇస్తాడు, ప్రింటింగ్ ల్యాబ్‌కు డబ్బు కడతాడు. డబ్బు కట్టకపోతే ల్యాబ్ ఆల్బమ్ ఇవ్వదు కదా! వరుసలో చివరన నిలబడేది రీటచరే. ఎందుకంటే ఫైల్స్ అప్పటికే ఇచ్చేశాడు. ఇక అతని చేతిలో ఆపడానికి ఏమీ లేదు.

అసలు సమస్య ఇక్కడే ఉంది. స్టూడియోకి, పెళ్లివారికి మధ్య ఉన్న లెక్క వేరు. స్టూడియోకి, రీటచర్‌కి మధ్య ఉన్న లెక్క వేరు. పార్టీ ఇచ్చినా ఇవ్వకపోయినా, పని చేయించుకున్నవాళ్లు చేసినవాళ్లకు కూలి ఇవ్వాల్సిందే. "పార్టీ ఇచ్చాకే నీకు ఇస్తా" అని ముందే మాట్లాడుకుని ఉంటే తప్ప, తర్వాత చెప్పే ఆ సాకుకు చట్టంలో బలం లేదు.

వాట్సాప్‌లో ఒక్క మెసేజ్.. అదే అగ్రిమెంట్

మన దగ్గర ఈ పనికి స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకునేవాళ్లు దాదాపు కనిపించరు. అన్నా, తమ్ముడూ అనుకునే చోట కాగితం తీస్తే "నా మీద నమ్మకం లేదా" అనేస్తారు. కానీ కాగితమే అక్కర్లేదు. మెసేజ్ చాలు. పని ఒప్పుకునే ముందు ఇలా పంపితే సరిపోతుంది:

"అన్నా, మొత్తం 300 ఫొటోలు. ఫొటోకి 30 చొప్పున 9,000. పని మొదలుపెట్టే ముందు 4,000. రెండుసార్లు కరెక్షన్లు ఫ్రీ, ఆపైన ఫొటోకి 10. మిగతా 5,000 వచ్చాక ఫుల్ సైజ్ ఫైల్స్ పంపిస్తా. ఓకేనా?"

అవతలి నుంచి "ఓకే" అని వస్తే అది ఒప్పందమే. రేపు గొడవ వస్తే చూపించడానికి పనికొస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులను కోర్టులో సాక్ష్యంగా పెట్టుకోవచ్చు. అయితే దానికి సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే తీసి చాట్ డిలీట్ చేసేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. ఫోన్ మార్చినా అసలు చాట్ పోకుండా చూసుకోవాలి.

ఫోన్‌లో మాట్లాడుకున్నా ఇబ్బందేం లేదు. మాట్లాడటం అయ్యాక "ఇందాక అనుకున్నట్టు.." అంటూ అదే లెక్క మెసేజ్‌లో పెట్టాలి.

ఈ మెసేజ్‌లో అందరూ వదిలేసేది కరెక్షన్ల సంగతి. "కొంచెం తెల్లగా చెయ్", "మరీ తెల్లగా అయింది, మామూలుగా చెయ్", "మా అత్తయ్యను ఫొటోలోంచి తీసెయ్", "వద్దులే, ఉంచెయ్".. ఇలా ఐదారుసార్లు తిరిగితే ఫొటోకి 30 రూపాయలు అనుకున్న రేటు కాస్తా 6 రూపాయలకు పడిపోతుంది. ఎన్నిసార్లు ఉచితం, ఆ తర్వాత ఎంత అన్నది ముందే చెప్పేస్తే సగం తిప్పలు తగ్గుతాయి. ఇంకో ఉపయోగం కూడా ఉంది. బిల్లు ఆలస్యం చేయడానికి ఎక్కువగా వాడే సాకు "కరెక్షన్లు ఇంకా ఉన్నాయి" అనేదే. లెక్క ముందే రాసి ఉంటే ఆ సాకు పనిచేయదు.

అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. కానీ అడ్వాన్స్ అంటే డబ్బు ఒక్కటే కాదు, సాక్ష్యం కూడా. యూపీఐలో వచ్చిన 2,000 రూపాయలైనా సరే, ఆ పని ఎవరు చేయించుకున్నారో, ఏ తేదీన ఒప్పుకున్నారో బ్యాంక్ స్టేట్‌మెంట్ చెబుతుంది. పేమెంట్ నోట్‌లో పెళ్లి పేరు రాయించుకుంటే ఇంకా మంచిది.

ఫైల్ ఎలా ఇస్తున్నారన్నదే అసలు తాళం

ల్యాబ్ వాళ్లు ఆల్బమ్‌ను ఆపినట్టు రీటచర్ తన ఫైళ్లను ఎందుకు ఆపలేడు? ఆపగలడు. చూపించడానికి ఇచ్చే ఫైల్ వేరు, ప్రింట్‌కి ఇచ్చే ఫైల్ వేరు అన్నది పాటిస్తే చాలు.

పెళ్లి ఆల్బమ్‌లో 12×36 అంగుళాల షీట్ ఉందనుకుందాం. 300 డీపీఐలో ప్రింట్ చేయాలంటే 3,600×10,800 పిక్సెల్స్ కావాలి. అప్రూవల్ కోసం పంపే ప్రివ్యూ పొడవు 1,200 పిక్సెల్స్ ఉన్నా ఫోన్‌లో చక్కగా కనిపిస్తుంది, ప్రింట్‌కి మాత్రం పనికిరాదు. పైన వాటర్‌మార్క్ వేసి పంపితే సరి. ఆ వాటర్‌మార్క్ ఏదో మూలన వేస్తే మాత్రం దండగ. మూలను కత్తిరించేస్తారు. ఈమధ్య ఏఐ టూల్స్‌తో చిన్న ఫైళ్లను పెద్దవి చేసేస్తున్నారు కూడా. అందుకే మొహాల మీదుగా వెళ్లేలా వేయాలి. చూడ్డానికి బాగోదు, కానీ అది బాగుండటానికి వేసేది కాదు.

పీఎస్‌డీ ఫైల్స్ సంగతి వేరే. లేయర్లతో ఉన్న పీఎస్‌డీ ఇచ్చేశారంటే, తర్వాతి కరెక్షన్లు ఎవరైనా చేసుకోగలరు. జేపీజీలకు ఒప్పుకున్న రేటుకే పీఎస్‌డీలు కూడా అడిగితే, దానికి వేరే రేటు చెప్పడం తప్పేం కాదు. అలాగే కొత్త స్టూడియోతో మొదటి పని అయితే 300 ఫొటోలూ ఒకేసారి చేసి ఇవ్వకుండా, వందేసి చొప్పున మూడు విడతలుగా చేస్తే మంచిది. మొదటి వందకు డబ్బు రాకపోతే పోయేది ఆ వంద ఫొటోల కష్టమే.

అయితే ఒక హెచ్చరిక. డబ్బులివ్వలేదని పెళ్లివారి ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేసి పరువు తీస్తానని బెదిరించేవాళ్లు ఉన్నారు. ఆ ఫొటోలు పెళ్లివారివి. వాళ్లకీ ఈ బకాయికీ సంబంధం లేదు. అలా చేస్తే రావాల్సిన డబ్బు సంగతి పక్కకుపోయి, రీటచర్ మీదే కేసు పడే ప్రమాదం ఉంది. స్టూడియో ఇచ్చిన ఒరిజినల్ హార్డ్‌డిస్క్‌ను దాచిపెట్టుకోవడం కూడా అంతే. తన పనిని ఆపుకోవచ్చు కానీ వాళ్ల వస్తువును కాదు.

45 రోజుల చట్టం.. చాలామందికి తెలియనిది ఇదే

చిన్న స్టూడియోలతో పని ఇలా నడిచిపోతుంది. కానీ ఇప్పుడు రీటచర్లకు వేరే రకం క్లయింట్లు కూడా పెరిగారు. ఆన్‌లైన్‌లో చీరలు, నగలు అమ్మే కంపెనీలు, యాడ్ ఏజెన్సీలు, రియల్ ఎస్టేట్ సంస్థలు. బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం, రంగు సరిచేయడం లాంటి పని వందల ఫొటోల్లో ఇస్తాయి. అక్కడ "తమ్ముడూ" అనరు. "అకౌంట్స్ టీమ్ ప్రాసెస్ చేస్తోంది, మా పాలసీ 90 రోజులు" అంటారు. పదం మారింది, ఫలితం అదే.

ఇలాంటి చోట పనికొచ్చేది 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం. ఇంట్లో ఒక కంప్యూటర్ పెట్టుకుని పనిచేసే రీటచర్ కూడా సేవలు అందించే సూక్ష్మ సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆధార్, పాన్ ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, అవి ప్రభుత్వానివి కావు.

రిజిస్టర్ అయ్యాక ఏం జరుగుతుంది? ఆ సంస్థ చేసిన పనికి క్లయింట్ ఒప్పుకున్న తేదీలోగా డబ్బు చెల్లించాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. అంటే "90 రోజుల పాలసీ" అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నా చెల్లదు. అసలు గడువే రాసుకోకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి.

ఈ చట్టంలో రీటచర్లకు బాగా పనికొచ్చే ఇంకో మాట ఉంది. పని అందాక దానిపై అభ్యంతరం ఉంటే 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే, ఇచ్చిన రోజే ఆ పనిని అంగీకరించినట్టు లెక్క. రెండు నెలలు ఫొటోలు వెబ్‌సైట్‌లో పెట్టుకుని చీరలు అమ్ముకుని, బిల్లు అడిగినప్పుడు "కలర్స్ సరిగ్గా లేవు" అంటే కుదరదన్నమాట.

గడువు దాటితే వడ్డీ కట్టాలి. మామూలు వడ్డీ కాదు. రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ ఏడాదికి 18 శాతం అవుతుంది. 40,000 రూపాయల బిల్లు గడువు దాటాక ఆరు నెలలు ఆలస్యమైతే సుమారు 3,700 రూపాయలు అదనం. ఈ లెక్కను ఇన్‌వాయిస్ కింద ఒక లైనులో, ఉద్యమ్ నంబర్‌తో కలిపి రాస్తే అకౌంట్స్ టీమ్ వాళ్లకు అర్థమైపోతుంది. చాలాచోట్ల ఫిర్యాదు దాకా వెళ్లాల్సిన అవసరమే రాదు.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 2023 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టానికి ఒక మార్పు తెచ్చారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన బిల్లును గడువులోగా చెల్లించకపోతే, ఆ ఖర్చును కంపెనీ ఆ ఏడాది తన లెక్కల్లో చూపించుకోలేదు. నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపాలి. అంటే ఆ మేరకు ఎక్కువ పన్ను కట్టాలి. అందుకే మార్చి నెల దగ్గరపడుతుంటే కంపెనీలు తమ వెండర్లను "మీకు ఉద్యమ్ ఉందా" అని అడుగుతుంటాయి. ఊళ్లో చిన్న స్టూడియో ఓనర్ మీద మాత్రం ఈ పన్ను భయం పెద్దగా పనిచేయదు, ఉన్నమాట చెప్పుకోవాలి.

అప్పటికీ ఇవ్వకపోతే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అది రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. కౌన్సిల్ ముందు రాజీ ప్రయత్నం చేస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్. ఇక్కడ పెద్ద వెసులుబాటు ఏంటంటే, క్లయింట్ ముంబైలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా వరంగల్ రీటచర్ తెలంగాణలోనే, గుంటూరు రీటచర్ ఆంధ్రప్రదేశ్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. కౌన్సిల్ తీర్పు మీద క్లయింట్ కోర్టుకు వెళ్లాలంటే ఆ మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆచరణలో అంతకంటే ఎక్కువ కాలం పట్టే కేసులు చాలానే ఉన్నాయి.

ఒక్క మెలిక. పని అయిపోయి, డబ్బులు ఎగ్గొట్టాక అప్పుడు ఉద్యమ్‌లో రిజిస్టర్ అయితే పాత బకాయికి ఈ రక్షణ దొరకడం కష్టం. సుప్రీంకోర్టు తీర్పుల్లో ఈ మాట వచ్చింది. కాబట్టి ఈరోజు బకాయి లేకపోయినా రిజిస్ట్రేషన్ మాత్రం ముందే చేసుకోవాలి.

ఉద్యమ్ లేకపోతే..?

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్" అని పంపించేస్తారు. చాలా సందర్భాల్లో అది నిజమే. పని చేయించుకుని డబ్బు ఆలస్యం చేయడం బకాయి అవుతుంది కానీ, మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశంతోనే చేయించుకున్నారని చూపించలేకపోతే మోసం కేసు నిలబడదు.

ముందు చేయాల్సింది తేదీలు, మొత్తం, చాట్ వివరాలతో ఒక నోటీసు పంపడం. లాయర్‌తో పంపితే బరువు ఎక్కువ. తర్వాతి దారి జిల్లా న్యాయసేవాధికార సంస్థ. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అవతలి వ్యక్తి వచ్చి రాజీ కుదిరితే ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. రాకపోతే మాత్రం బలవంతంగా కూర్చోబెట్టలేరు. 8,000, 10,000 రూపాయల బకాయికి సివిల్ కోర్టు దాకా వెళ్లడం దండగ అనిపించినా, లోక్ అదాలత్ నోటీసు ఇంటికి వెళ్లడంతోనే కదిలే స్టూడియో ఓనర్లు ఉంటారు.

పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి. ఈ మధ్యలో కొంత డబ్బు చెల్లించి దానికి రాతలో ఆధారం ఉన్నా, "ఇంకా 12,000 ఇవ్వాలి" అని సంతకంతో రాసిచ్చినా అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. చెక్ ఇచ్చి అది బౌన్స్ అయితే దారి వేరు. బ్యాంక్ నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అది అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ తేదీల్లో ఒక్కటి తప్పినా కేసు బలహీనపడుతుంది.

చట్టాలన్నింటికంటే ముందు పనిచేసేది ఒకటుంది. అదే టైమింగ్. మూఢంలో, ఆషాఢంలో ఎన్నిసార్లు ఫోన్ చేసినా స్టూడియో ఓనర్ దగ్గర నిజంగానే డబ్బుండదు. శ్రావణం, మాఘం ముహూర్తాలు మొదలయ్యే ముందు కొత్త అడ్వాన్సులు వస్తాయి. సరిగ్గా అప్పుడే ఆయనకు రీటచర్ కూడా కావాలి. "పాత లెక్క క్లియర్ చేశాక కొత్త హార్డ్‌డిస్క్ తీసుకుంటా" అనే మాటకు అప్పుడున్నంత విలువ ఇంకెప్పుడూ ఉండదు.

డాలర్లలో వచ్చే పని

అప్‌వర్క్, ఫైవర్ లాంటి ప్లాట్‌ఫామ్‌ల ద్వారా అమెరికా, యూరప్ క్లయింట్లకు పనిచేసే తెలుగు రీటచర్లూ ఉన్నారు. అక్కడ క్లయింట్ ముందే డబ్బు ప్లాట్‌ఫామ్ దగ్గర పెడతాడు కాబట్టి ఎగ్గొట్టే భయం తక్కువ. దానికి ఖర్చూ ఉంది. ఫైవర్ సెల్లర్ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది, ఆర్డర్ పూర్తయ్యాక మామూలు సెల్లర్లకు డబ్బు చేతికి రావడానికి 14 రోజులు పడుతుంది. అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ప్రైస్ పనికి మైల్‌స్టోన్ డబ్బు జమ అయిందో లేదో చూశాకే పని మొదలుపెట్టాలి. కాంట్రాక్ట్ ఉంది కదా అని డబ్బు జమ కాని మైల్‌స్టోన్‌కు ఫైళ్లు పంపితే ఆ రక్షణ వర్తించదు.

కొన్నాళ్లయ్యాక క్లయింట్ "ప్లాట్‌ఫామ్ ఎందుకు, డైరెక్ట్‌గా పేపాల్‌లో వేస్తా" అంటాడు. కమీషన్ మిగులుతుందని ఆశపడి ఒప్పుకుంటే, నిబంధనలు ఉల్లంఘించినందుకు అకౌంట్ పోవచ్చు. ఇక సొంతంగా దొరికిన విదేశీ క్లయింట్ నుంచి పేపాల్‌లో తీసుకోవచ్చు. కానీ అందులో డబ్బు వచ్చేసిందని పూర్తిగా నిశ్చింతగా ఉండటానికి లేదు. కొన్నవాళ్లు 180 రోజుల వరకు డిస్ప్యూట్ వేయవచ్చు. అందుకే డెలివరీ లింకులు, "ఫొటోలు బాగున్నాయి" అన్న మెయిల్స్ ఆరు నెలలు దాటేవరకైనా దాచుకోవాలి. అన్నట్టు, 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్‌లోని క్లయింట్ల నుంచి పేపాల్‌లో డబ్బు తీసుకోవడం కుదరదు.

విదేశాల నుంచి డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంక్ లేదా పేమెంట్ కంపెనీ ఇచ్చే ఇన్‌వర్డ్ రెమిటెన్స్ పత్రం తీసి పెట్టుకోవాలి. రేపు ట్యాక్స్ వాళ్లు అడిగినా, లోన్‌కు వెళ్లినా ఆదాయానికి అదే రుజువు. దేశీయ కంపెనీలు టీడీఎస్ కింద కొంత కోసుకుని ఇస్తే కంగారుపడక్కర్లేదు. పాన్‌తో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోకి వెళ్తే ఆ కోత కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. అక్కడ కనిపించకపోతే మాత్రం కోసుకున్న డబ్బు ఆ కంపెనీ జేబులోనే ఉండిపోయి ఉండొచ్చు. వెంటనే అడగాలి. జీఎస్టీ విషయానికొస్తే, సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు తెలుగు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వేయకూడదు.

జిప్ ఫైల్ తెరిచే ముందు..

రీటచర్లనే గురిపెట్టే మోసం ఒకటుంది. కొత్త క్లయింట్ మంచి రేటు చెబుతాడు, "శాంపిల్ ఫొటోలు ఇవిగో" అని జిప్ ఫైల్ పంపుతాడు. అందులో నాలుగు నిజమైన ఫొటోలు, వాటి మధ్యలో ఫొటో బొమ్మే కనిపించే ఒక ప్రోగ్రామ్ ఫైల్. పేరు చివర జేపీజీ బదులు ఈఎక్స్‌ఈ అనో, ఎస్‌సీఆర్ అనో ఉంటుంది. దాన్ని క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. విండోస్‌లో ఫైల్ పేరు చివరి అక్షరాలు కనిపించేలా సెట్టింగ్ మార్చుకుంటే దీన్ని పట్టేయొచ్చు.

ఇంకో రకం ఎక్కువ డబ్బు వేశామనడం. "5,000 బదులు పొరపాటున 50,000 వేశాం, 45,000 తిరిగి పంపండి" అంటూ స్క్రీన్‌షాట్ పెడతారు. స్క్రీన్‌షాట్ నమ్మకూడదు, బ్యాంక్ యాప్ తెరిచి చూడాలి. డబ్బు పడటానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు వెళ్లిపోతోందని అర్థం. ఒకవేళ పోయిందే అనుకోండి, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. వచ్చిన ఫిర్యాదు నంబర్‌ను అదే రోజు బ్యాంకుకు కూడా ఇవ్వాలి.